కలిపితే కథ ఆగిపోతుందా? అమెరికన్ సిట్‌కామ్ జంటలపై తెగని వాదం

1997 ఫిబ్రవరి 13 రాత్రి అమెరికాలో ‘ఫ్రెండ్స్’ చూసినవాళ్లకు ఒక చిక్కుముడి మిగిలింది. రేచల్ తన ప్రియుడు రాస్‌తో కొన్నాళ్లు ఎడంగా ఉందామంది. అతను అలిగి వెళ్లిపోయి, ఆ రాత్రే ఇంకో అమ్మాయికి దగ్గరయ్యాడు. ఆ సమయానికి వాళ్లిద్దరూ విడిపోయినట్టా, విడిపోనట్టా? ఆ కార్యక్రమం 2004లో ముగిసినా వాదం ముగియలేదు. ఆ ఎపిసోడ్ వచ్చేనాటికి పుట్టనివాళ్లు కూడా ఇవాళ ఏదో ఒక పక్షం వహిస్తున్నారు.

విడిపోతూ, కలుస్తూ, మళ్లీ విడిపోతూ సాగే సిట్‌కామ్ జంటల మీద నాలుగు దశాబ్దాలుగా నడుస్తున్న చర్చలో మూడు ప్రశ్నలు కలగాపులగమైపోయాయి. జంటను కలిపేస్తే కథ చప్పబడుతుందా అన్నది మొదటిది. వాళ్లను విడదీస్తున్నది పాత్రల స్వభావమా, టీవీ వ్యాపారమా అన్నది రెండోది. ఇలాంటి ప్రేమలు చూస్తూ పెరిగినవాళ్లు ప్రేమంటే ఇదేననుకుంటారా అన్నది మూడోది. దేనికి దాన్ని వేరుచేసి చూస్తే కొన్నిటికి సమాధానం దొరుకుతుంది. ఒకటి రెండు మాత్రం నిజంగానే తేలలేదు.

పెళ్లయిన ఇళ్ల కాలం

తొలినాళ్ల సిట్‌కామ్‌లలో ఈ సమస్యే లేదు. 1951 నుంచి 1957 వరకు వచ్చిన ‘ఐ లవ్ లూసీ’లో లూసీ, రిక్కీ మొదటి నుంచీ భార్యాభర్తలే. హాస్యమంతా ఇంట్లోంచి, ఇరుగుపొరుగులోంచి, లూసీ వేసే ఎత్తుల్లోంచి పుట్టేది. తెలుగు ప్రేక్షకులకు ‘అమృతం’ గుర్తుంటే ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. అమృతరావు, సంజీవని విడిపోతారేమోనన్న బెంగతో ఎవరూ ఆ కార్యక్రమం చూడలేదు.

1970 నాటికి అమెరికన్ కుటుంబం మారుతోంది. ఎవరి తప్పూ నిరూపించనక్కర్లేని విడాకుల చట్టం కాలిఫోర్నియాలో ఆ ఏడాది జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది మొదలైన ‘ది మేరీ టైలర్ మూర్ షో’లో కథానాయికను విడాకులు తీసుకున్న స్త్రీగా చూపాలని రచయితలు అనుకుంటే, సీబీఎస్ ఛానల్ ఒప్పుకోలేదు. చివరికి ప్రేమ వికటించి కొత్త ఊరికి వచ్చిన అవివాహితగా ఆమెను ప్రవేశపెట్టారు. ఒంటరి స్త్రీ తెర మధ్యకు వచ్చాక, ఆమెకు జోడీ ఎవరన్న ఉత్కంఠ దానంతటదే మొదలైంది.

ఆ షోలోంచే పుట్టిన ‘రోడా’ రచయితలందరికీ ఒక భయం నేర్పింది. 1974 అక్టోబర్ 28న రోడా పెళ్లి ఎపిసోడ్‌ను 5 కోట్ల మందికి పైగా చూశారు. ఆ తర్వాత సంసారం నడిపించడం రచయితలకు కష్టమైంది. 1976లో, మూడో సీజన్ మొదట్లోనే, ఆ దంపతులను విడదీశారు. పోయిన ఆదరణ తిరిగి రాలేదు. 1978లో షో ఆగిపోయింది. పెళ్లి చేస్తే ఒక చిక్కు, విడదీస్తే ఇంకో చిక్కు. అయితే అసలు కలపకుండానే ఏళ్ల తరబడి లాక్కొస్తే? ఆ ఆలోచనకు నిండైన రూపం రావడానికి మరో నాలుగేళ్లు పట్టింది.

బోస్టన్ బార్‌లో పుట్టిన నమూనా

1982 సెప్టెంబర్ 30న మొదలైన ‘చీర్స్’ సృష్టికర్తలు గ్లెన్ చార్ల్స్, లెస్ చార్ల్స్, జేమ్స్ బరోస్. బోస్టన్‌లో ఒక బార్. యజమాని శామ్ మలోన్ ఒకప్పటి బేస్‌బాల్ ఆటగాడు, తాగుడు మానేసినవాడు, ఆడవాళ్లను మాటలతో పడగొట్టడంలో ఆరితేరినవాడు. అక్కడ వడ్డించే పనికి చేరిన డయాన్ ఛాంబర్స్ సాహిత్యం చదువుకున్న అమ్మాయి; ప్రతి మాటకూ ఒక పుస్తకం గుర్తొస్తుంది. అతనికి ఆమె గొప్పలు గిట్టవు, ఆమెకు అతని మోటుతనం గిట్టదు. ఒకరినొకరు చూడకుండానూ ఉండలేరు. స్పెన్సర్ ట్రేసీ, క్యాథరిన్ హెప్‌బర్న్ జంటగా వచ్చిన పాత సినిమాల్లోని వాగ్యుద్ధాలే సృష్టికర్తల మనసులో ఉన్న నమూనా.

మొదటి సీజన్ చివర వాళ్లు ఒకటయ్యారు, రెండో సీజన్ చివర విడిపోయారు. ఆ తర్వాత డయాన్ జీవితంలోకి మానసిక వైద్యుడు ఫ్రేజర్ వచ్చాడు. ఐదో సీజన్‌లో పెళ్లి ప్రతిపాదనలు, తిరస్కారాలు. 1987 మే 7న బార్‌లోనే పెళ్లికి అంతా సిద్ధమైంది. ఆ ఘడియలో డయాన్‌కు తన రచన పూర్తి చేసే అవకాశం వచ్చింది. వెళ్లమన్నవాడు శామే. ఆరు నెలల్లో వచ్చేస్తానంటుంది ఆమె. రాదని అతనికి తెలుసు. ముసలివాళ్లయిన శామ్, డయాన్ ఒకరి చేతుల్లో ఒకరు మెల్లగా నాట్యం చేస్తున్న ఊహాదృశ్యంతో ఆ ఎపిసోడ్ ముగుస్తుంది. జరగని జీవితాన్ని ఒక్క నిమిషం చూపించి తీసేసుకున్న ఆ ముగింపు కంటే బాధపెట్టే ముగింపు సిట్‌కామ్‌లలో అరుదు.

నిజానికి నటి షెల్లీ లాంగ్ షో వదిలి వెళ్లాలనుకుంది కాబట్టి ఆ కథ అలా రాయాల్సి వచ్చింది. అయినా అది అతికించినట్టు అనిపించదు. డయాన్ మొదటి రోజు నుంచీ రచయిత్రి కావాలనుకున్న మనిషి, శామ్ మొదటి రోజు నుంచీ బార్ దాటి బతకలేని మనిషి. వాళ్లను విడదీసిన కారణం వాళ్లలోనే ఉంది. ఇంకో సంగతి ఈ చర్చలో తరచూ మరుగున పడుతుంది: జంటలో సగం వెళ్లిపోయాక కూడా ‘చీర్స్’ మరో ఆరేళ్లు నడిచింది, 1990–91 సీజన్‌లో దేశం మొత్తం మీద మొదటి స్థానంలో నిలిచింది. జంట ఊగిసలాట ఆగితే షో చచ్చిపోతుందనేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణకైనా జవాబు చెప్పాలి.

‘మూన్‌లైటింగ్’ శాపం అనే నమ్మకం

అలా వాదించేవాళ్లు చూపే సాక్ష్యం మరొకటి. 1985లో ఏబీసీ ఛానల్‌లో మొదలైన ‘మూన్‌లైటింగ్’ సిట్‌కామ్ కాదు, గంట నిడివి హాస్య డిటెక్టివ్ కథ. కానీ సిట్‌కామ్ రచయితల గదుల్లో దీని పేరు వినిపించినంతగా మరో పేరు వినిపించదేమో. మ్యాడీ (సిబిల్ షెపర్డ్), డేవిడ్ (బ్రూస్ విల్లిస్) ఎపిసోడ్ ఎపిసోడ్‌కూ గొడవపడుతూ ఆకర్షితులవుతూ వచ్చి, 1987 మార్చి 31న ఒకటయ్యారు. 1989లో షో మూతపడింది. ముందు కలిశారు, తర్వాత మూతపడింది కాబట్టి కలవడం వల్లే మూతపడిందన్నారు జనం.

మధ్యలో ఏం జరిగిందో చూడాలి. షెపర్డ్ కవలలతో గర్భవతి అయింది. విల్లిస్ ‘డై హార్డ్’ సినిమా చిత్రీకరణకు వెళ్లాడు. ఇద్దరూ ఒకే దృశ్యంలో కనిపించని ఎపిసోడ్లు వరుసగా వచ్చాయి. సృష్టికర్త గ్లెన్ గోర్డన్ కారన్ తప్పుకున్నాడు. 1988లో రచయితల సమ్మె నెలల తరబడి సాగింది. చెప్పిన వారానికి కొత్త ఎపిసోడ్ రాకపోవడం ఈ షోకి ముందు నుంచీ ఉన్న జబ్బే. ఒకటైన జంటను ఒకచోట చూపించలేని షో పడిపోతే, ఆ నేరం కలయిక మీద మోపడం అన్యాయం. కాకి వాలడమూ తాటిపండు పడటమూ ఒకేసారి జరిగాయి, అంతే. అయినా ఆ తర్వాత పదిహేనేళ్లు ఎన్నో జంటలను దూరంగా ఉంచడానికి ఈ శాపాన్నే కారణంగా చూపారు.

క్యాలెండర్ మాటున ప్రేమ

వ్యాపార కారణాన్ని మొదటగా చూడాలనే విమర్శకులు మరో వర్గం. అప్పట్లో నెట్‌వర్క్ సిట్‌కామ్ అంటే సెప్టెంబర్ నుంచి మే వరకు ఏడాదికి 22 నుంచి 24 ఎపిసోడ్లు. దాదాపు 100 ఎపిసోడ్లు పూర్తయితే వేరే ఛానళ్లకు పునఃప్రసార హక్కులు అమ్ముకోవచ్చు. అసలు లాభం అక్కడే. అంటే ప్రేమకథ కనీసం నాలుగైదేళ్లు సాగాలి. పైగా నవంబర్, ఫిబ్రవరి, మే నెలల్లో ప్రేక్షకుల సంఖ్యను విస్తృతంగా లెక్కగట్టేవారు, స్థానిక ఛానళ్ల ప్రకటనల ధరలు ఆ లెక్కల మీద ఆధారపడేవి.

ఇప్పుడు రాస్, రేచల్ ప్రేమ తేదీలు చూడండి. రాస్ మనసులో మాట రేచల్‌కు తెలిసింది 1995 మేలో. తొలి ముద్దు అదే ఏడాది నవంబర్‌లో. పాత వీడియో చూసి ఆమె అతన్ని క్షమించింది 1996 ఫిబ్రవరిలో. విడిపోయింది 1997 ఫిబ్రవరిలో. లండన్‌లో పెళ్లిపీటల మీద వధువు ఎమిలీ పేరుకు బదులు అతను రేచల్ పేరు పలికింది 1998 మేలో. లాస్ వేగాస్‌లో తాగిన మైకంలో పెళ్లి చేసుకుంది 1999 మేలో. పాప పుట్టింది 2002 మేలో. నవంబర్, ఫిబ్రవరి, మే తప్ప ఇందులో మరో నెల లేదు.

ఈ వరుస చూశాక వ్యాపార వాదాన్ని కొట్టిపారేయలేం. కానీ అది ‘ఎప్పుడు’ అనే ప్రశ్నకు జవాబిస్తుందే గాని, ‘ఎలా’ అనే ప్రశ్నకు ఇవ్వదు. ఒకే క్యాలెండర్ ఒత్తిడిలో ఒకరు గొప్ప దృశ్యం రాస్తారు, ఇంకొకరు ఉత్త మెలిక వేస్తారు. 1997 ఫిబ్రవరి 20 నాటి ఎపిసోడ్ మొదటి కోవది. హాల్లో రాస్, రేచల్ గొడవ పడుతుంటారు. పక్క పడకగదిలో నలుగురు స్నేహితులు ఇరుక్కుపోయి, బయటికి రాలేక, తలుపుకు చెవులానించి వింటుంటారు. ఆకలికి తట్టుకోలేక వెంట్రుకలు తీసే మైనం నోట్లో వేసుకుంటారు. తలుపుకు ఆ పక్క నవ్వు, ఈ పక్క ఏడుపు. రాత్రి ముదిరేకొద్దీ లోపలి నవ్వు తగ్గిపోతుంది. చివరికి ఆ నలుగురూ మౌనంగా కూర్చుండిపోతారు. తమ స్నేహబృందమే ముక్కలవుతోందని వాళ్లకు అర్థమవుతుంది. ప్రకటనల ధరల కోసమే ఆ వారం ఎంచుకున్నా, ఈ దృశ్యాన్ని ఆ ధరలు రాయలేదు.

మన ఆలంకారికులైతే ఏమనేవారు

ఎడబాటుతో ప్రేమకథను ఎలా నిలబెట్టాలన్న ప్రశ్న టీవీతో పుట్టింది కాదు. మన అలంకారశాస్త్రం శృంగారాన్ని సంభోగం, విప్రలంభం అని రెండుగా చేసి, విప్రలంభాన్ని మళ్లీ పూర్వరాగం, మానం, ప్రవాసం, కరుణం అని విభజించింది. ఈ కొలతతో చూస్తే సిట్‌కామ్ జంటల మధ్య తేడాలు స్పష్టపడతాయి. ‘ఫ్రేజర్’లో డాఫ్నీ మీద నైల్స్‌కున్న ప్రేమ 1993 నుంచి దాదాపు ఏడు సీజన్ల పాటు సాగిన పూర్వరాగం, ఆమెకు తెలియనే తెలియదు. శామ్, డయాన్‌లది ప్రధానంగా ప్రణయమానం, అంటే పెద్ద కారణం లేకపోయినా ప్రేమ ముదిరి వచ్చే అలక. 1997 నాటి రాస్, రేచల్‌లది ఈర్ష్యామానం.

ఇక్కడ ఒక మలుపుంది. శాస్త్రంలో ఈర్ష్యామానం నాయికకు వస్తుంది, నాయకుడికి అన్యస్త్రీ సంబంధం ఉందని తెలిసినప్పుడు. ‘ఫ్రెండ్స్’లో మొదట ఈర్ష్య పడింది రాస్. రేచల్ కొత్త ఉద్యోగంలో మార్క్ అనే సహోద్యోగిని చూసి రగిలిపోయాడు. ఆ ఈర్ష్యే అతన్ని తప్పు చేసేదాకా తీసుకెళ్లింది, ఆపైన రేచల్‌కు నిజమైన కారణం దొరికింది. రెండు అలకలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

అలక తీర్చడానికి సామం, భేదం, దానం, నతి, ఉపేక్ష, రసాంతరం అని ఆరు ఉపాయాలు చెప్పారు. రాస్ సామంతో మొదలుపెట్టి నతి దాకా వెళ్లాడు, పని జరగలేదు. 1997 సెప్టెంబర్‌లో రేచల్ 18 పేజీల ఉత్తరం రాసి, తప్పంతా ఒప్పుకుంటేనే మళ్లీ కలుద్దామంది. చదువుతూ నిద్రపోయిన రాస్, అందులో ఏముందో తెలియకుండానే సరేనన్నాడు. తెలిశాక ఉండబట్టలేక ‘అప్పుడు మనం విడిపోయి ఉన్నాం కదా’ అనే పాత వాదం మళ్లీ ఎత్తాడు. మానం తీరాలంటే ఒకరు తగ్గాలని మన కవులకు తెలుసు. ఆ జంట ఏడేళ్లు నలిగింది తగ్గడం రాక.

ఈ వ్యాసకర్త దృష్టిలో మంచి ఊగిసలాటకూ చెడ్డ ఊగిసలాటకూ తేడా ఇదే. ఎడబాటు పాత్ర స్వభావంలోంచి వచ్చిందా? మళ్లీ కలిసినప్పుడు ఇద్దరిలో ఒక్కరైనా మారి ఉన్నారా? శామ్, డయాన్ ఈ పరీక్షలో నెగ్గుతారు. రాస్, రేచల్ మొదటి మూడు సీజన్లలో నెగ్గుతారు. వేగాస్ పెళ్లి నుంచి తడబడతారు.

కలిసినా కథ ఉంటుందన్నవాళ్లు

‘ఫ్రెండ్స్’లోనే దీనికి సాక్ష్యం ఉంది. 1998లో లండన్‌లో ఆ స్నేహబృందంలోని మోనికా, చాండ్లర్ ఒకటైనప్పుడు స్టూడియోలోని ప్రేక్షకుల కేరింతలు ఆగలేదు. చిన్న ఉపకథగా అనుకున్నది చివరిదాకా నడిచిన దాంపత్యమైంది. ఒక జంట ప్రశాంతంగా ఉంటే, హాస్యం వాళ్ల అలవాట్లలోంచి, పిల్లల కోసం పడ్డ ఆరాటంలోంచి వచ్చింది. అమెరికన్ ‘ది ఆఫీస్’లో జిమ్, పామ్‌ల పెళ్లి 2009లో జరిగితే షో 2013 దాకా సాగింది. బ్రిటిష్ మాతృకలో టిమ్, డాన్‌ల కథ 14 ఎపిసోడ్లలో, 2003 క్రిస్మస్ ప్రత్యేక భాగాలతో పూర్తయింది. పొట్టి కథకు ఊగిసలాట అవసరమే రాలేదు. లాగుడు ఎక్కువగా నిడివి తెచ్చిపెట్టే సమస్య అని ఈ రెండిటినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’లో లెనర్డ్, పెన్నీ కూడా విడిపోయి కలిశారు, 2015లో పెళ్లి చేసుకున్నారు, ఆ తర్వాతా షో 2019 దాకా నడిచింది. ‘సైన్‌ఫెల్డ్’ దారి వేరు. జెర్రీ, ఎలైన్ మాజీ ప్రేమికులు. 1991లో ఒకసారి కలిపి చూసి, ఆ దారి వదిలేసి స్నేహితులుగానే ఉంచారు.

‘హౌ ఐ మెట్ యువర్ మదర్’ ఈ వర్గానికీ, జంటను దూరంగా ఉంచాలనే విరహవాదులకూ కూడా పాఠమే. వాళ్ల తల్లిని ఎలా కలిశాడో టెడ్ చెబుతుంటే ఆ కథ వినే పిల్లల పాత్రధారులు పెరిగిపోతారని, వాళ్ల చివరి దృశ్యాన్ని తొలి సీజన్ల కాలంలోనే చిత్రీకరించి పెట్టుకున్నారు. అంటే టెడ్ చివరికి రాబిన్ దగ్గరికే వెళ్లాలన్నది ముందే స్థిరపడిపోయింది. ఈలోగా పాత్రలు ఎదిగాయి. రాబిన్, బార్నీల పెళ్లి వారాంతం చుట్టూ తొమ్మిదో సీజన్ దాదాపు మొత్తం అల్లారు. 2014 మార్చి 31న చివరి ఎపిసోడ్‌లో ఆ పెళ్లిని నిమిషాల్లో తెంచి, ఆ పిల్లల తల్లి పాత్రను చంపి, టెడ్‌ను రాబిన్ కిటికీ కింద నిలబెట్టారు. ప్రేక్షకులు భగ్గుమన్నారు. డీవీడీలో మరో ముగింపు ఇవ్వాల్సి వచ్చింది. పాత్రలు ఎదిగాక కూడా ఎనిమిదేళ్ల నాటి ముగింపునే వాళ్లకు తొడిగితే ఇలాగే అవుతుంది.

రెండు విమానాలు

స్త్రీవాద విమర్శకులు అడిగే ప్రశ్న మరింత సూటిగా ఉంటుంది: ఈ ఊగిసలాటలో మూల్యం చెల్లించేది ఎవరు? దీనికి రెండు ముగింపులను దగ్గరగా చూడటం మేలు.

1993 మే 20న ‘చీర్స్’ చివరి ఎపిసోడ్‌లో డయాన్ తిరిగి వస్తుంది. ఇప్పుడు ఆమె పురస్కారం అందుకున్న రచయిత్రి. ఇద్దరూ కాలిఫోర్నియాకు బయలుదేరి విమానంలో కూర్చుంటారు. అక్కడ ఇద్దరికీ ఒకేసారి సందేహం మొదలవుతుంది. విమానం ఎగరకముందే, ఒకరినొకరు నిందించకుండా, విడిపోతారు. ఆమె తన పనికీ, అతను తన బార్‌కూ. చివరి దృశ్యంలో ఒంటరిగా మిగిలిన శామ్, తలుపు తట్టిన ఎవరికో మూసేశామని చెప్పి, గోడ మీది బొమ్మను సరిచేసి చీకట్లోకి నడుస్తాడు.

2004 మే 6న ‘ఫ్రెండ్స్’ చివరి ఎపిసోడ్‌ను అమెరికాలో సుమారు 5 కోట్ల 25 లక్షల మంది చూశారు. రేచల్‌కు పారిస్‌లో పెద్ద ఉద్యోగం వచ్చింది. రాస్ విమానాశ్రయానికి పరిగెత్తి, మనసు విప్పి, ఓడిపోయి ఇంటికొస్తాడు. ఫోన్‌లో రికార్డయిన సందేశంలో, విమానం దిగనివ్వమని సిబ్బందిని వేడుకుంటున్న రేచల్ గొంతు వినిపించి, మధ్యలో తెగిపోతుంది. దిగిందా లేదా అని రాస్ గదిలో అరుస్తుంటే, గుమ్మంలో ఆమె నిలబడి ఉంటుంది.

రెండూ విమానంలో తేలిన కథలే. డయాన్ వెళ్లింది తన జీవితంలోకి. రేచల్ దిగింది రాస్ జీవితంలోకి. మొదటి ఎపిసోడ్‌లో పెళ్లిపీటల మీది నుంచి పారిపోయి వచ్చి, కాఫీ షాపులో కప్పులు మోస్తూ మొదలుపెట్టి, ఫ్యాషన్ రంగంలో అంచెలంచెలుగా పైకొచ్చిన మనిషి పదేళ్ల కష్టం ఆ గుమ్మం దగ్గర ఆగిపోయింది. రాస్ పారిస్ వెళ్తే ఏం పోయేదన్న ప్రశ్నకు ఆ షోలో జవాబు లేదు. రేచల్‌ను ప్రేమించిన ప్రేక్షకులు అడగాల్సిన ప్రశ్నే అది. ఆమె రాస్‌ను నిజంగా కోరుకుంది, ఆ కోరికను తక్కువ చేయడమూ అవమానమేనని మరో వర్గం అంటుంది. అందులో న్యాయం లేకపోలేదు. కానీ రచయితలు ఆమె ముందు రెండే దారులు పెట్టారు.

పరిశోధన తేల్చినది ఎంత

నిజ జీవితంలో ఇలాంటి బంధాల మీద అధ్యయనాలున్నాయి. టెక్సస్ విశ్వవిద్యాలయంలో రెనే డెయిలీ ఈ విషయం మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. ఒహాయో రాష్ట్రంలోని టొలీడో ప్రాంత యువత మీద సారా హాల్పర్న్ మీకిన్, ఆమె సహచరులు 2013లో ప్రచురించిన పరిశోధనలో, 17 నుంచి 24 ఏళ్ల మధ్య వయసుండి గత రెండేళ్లలో ప్రేమలో ఉన్నవాళ్లలో 44 శాతం మంది విడిపోయినవాళ్లతో మళ్లీ కలిశారని తేలింది. అలాంటి బంధాల్లో తిట్లు, చేయిచేసుకోవడం ఎక్కువగా కనిపించాయి కూడా. అంటే సిట్‌కామ్ చూపించేది గాలిలోంచి పుట్టిన వింత కాదు; దానికి ఉండే చేదు పక్కను మాత్రం సిట్‌కామ్ చాలావరకు తీసేసింది.

‘ఫ్రెండ్స్’ ముగిశాక కేరెన్ ఎయాల్, జొనథన్ కోహెన్ 298 మంది విద్యార్థులను ప్రశ్నించి 2006లో ఒక వ్యాసం ప్రచురించారు. తమకు నచ్చిన పాత్రతో ఎంత గాఢమైన బంధం ఏర్పరచుకుంటే అంత బాధపడ్డారని, ఒంటరితనానికీ ఆ బాధకూ సంబంధం ఉందని వాళ్లు చూపారు. ప్రేక్షకుల బాధ నిజమైనదేనని దీనితో ఒప్పుకోవాలి. అయితే రాస్ ఈర్ష్య చూసినవాడు ఈర్ష్యాళువు అవుతాడా? ఈ రెండు అధ్యయనాలూ ఆ మాట చెప్పవు. నిజ జీవితపు లెక్కలను టీవీ నేరానికి రుజువుగా చూపేవాళ్లు ఇక్కడే పొరబడుతున్నారు.

ఎదురుచూపు లేని కాలం

1997 మే 15న ‘ఫ్రెండ్స్’ మూడో సీజన్ చివరి ఎపిసోడ్ సముద్రతీరంలోని ఒక ఇంట్లో ముగుస్తుంది. రాస్ మేడ మీద నిలబడి ఉన్నాడు. ఒక గదిలో రేచల్, ఇంకో గదిలో అతని కొత్త స్నేహితురాలు బానీ. అతను ఒక తలుపు తెరిచి లోపలికి వెళ్తాడు. ఏ తలుపో చూపించరు. సెప్టెంబర్ 25 దాకా ఆ సంగతి తేలలేదు. నాలుగు నెలల పాటు ఆఫీసుల్లో, కాలేజీల్లో జనం ఆ తలుపు గురించే మాట్లాడుకున్నారు.

ఇవాళ అదే తలుపు స్ట్రీమింగ్‌లో కొన్ని సెకన్లలో తెరుచుకుంటుంది. పదేళ్ల ప్రేమను రెండు మూడు వారాల్లో వరుసగా చూసేసేవాళ్లకు రాస్ ఈర్ష్య అప్పటివాళ్లకు కనిపించినదానికన్నా పెద్దగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. వారం వారం మధ్య మరిచిపోయే వీలు ఇప్పటివాళ్లకు లేదు. మరోవైపు, ఏడాదికి ఎనిమిది పది ఎపిసోడ్లకు కుదించుకుపోయిన కొత్త సిట్‌కామ్‌లలో జంటను విడదీసి, ఎడంగా బతకనిచ్చి, మార్చి, తిరిగి తీసుకురావడానికి చోటెక్కడిదన్నది రచయితల ముందున్న చిక్కు. శామ్, డయాన్‌లకు ఐదు సీజన్లు, వంద దాటిన ఎపిసోడ్లు దొరికాయి. నాలుగో సీజన్ మధ్యలో, ఏమీ జరగని ఒక మామూలు గురువారం రాత్రి, బార్ కౌంటర్‌కు చెరో పక్క నిలబడి చిన్న విషయం మీద గొడవపడే తీరిక కూడా వాళ్లకు ఉండేది.